కారే కప్పు కింద కులం

వానాకాలం వచ్చిందంటే నగరంలోని శిథిల భవనాల గురించి వార్తలు మొదలవుతాయి. పురపాలక సిబ్బంది గోడలకు నోటీసులు అంటిస్తారు, కొన్నిటిని ఖాళీ చేయిస్తారు. ఆ జాబితాకు ఎక్కని ఇళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. అవి కూలిపోయేంత పాతవి కావు. కానీ స్లాబు కారుతూ ఉంటుంది. గోడ చెమ్మ పట్టి పెచ్చులు రాలుతుంటాయి. తడిచేత్తో స్విచ్ ముట్టుకుంటే షాకు కొడుతుంది. గోడలోపల ఎక్కడో పైపు పగిలి, పచ్చటి మరక వారం వారం బెత్తెడు పెరుగుతుంది. అలాంటి ఇంట్లో అద్దెకున్నవారు యజమానిని మరమ్మతు చేయించమని అడగాలి. పైకి చూస్తే ఇది ఇద్దరు మనుషుల మధ్య తేలిపోవలసిన చిన్న విషయం. రాజకీయ చర్చకు ఎక్కవలసినంత సంగతి కాదనిపిస్తుంది.

నేను అలా అనుకోవడం లేదు. మన తెలుగు నగరాల్లో మరమ్మతు అడగగలగడం కులంతో ముడిపడిన హక్కు. దళితులకు అద్దె ఇల్లు దొరకకపోవడం గురించి కొంతైనా మాట్లాడుకున్నాం. ఇల్లు దొరికిన తర్వాత ఆ ఇంట్లో ఎలా ఉండవలసి వస్తున్నదో మాట్లాడుకోలేదు. తాళంచెవి చేతికి ఇచ్చిన రోజుతో వివక్ష ముగిసిపోయిందని చట్టం అనుకుంటున్నది, ఉద్యమాలు కూడా చాలావరకు అలాగే అనుకుంటున్నాయి. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది.

అద్దెదారు చేతిలో ఉన్న బలమేమిటో ముందు చూద్దాం. నూటికి తొంభై తగాదాల్లో కోర్టు, పోలీసు దాకా ఎవరూ పోరు. 'చేయించకపోతే ఖాళీ చేసి వెళ్లిపోతాం' అన్న ఒక్క మాటే వారి బలం. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే పోయే అద్దె ప్లంబరు కూలి కన్నా ఎక్కువని లెక్క వేసుకున్న యజమాని మేస్త్రీని పిలుస్తాడు. ఈ లెక్క పనిచేయాలంటే అద్దెదారుకు మరో ఇల్లు సులువుగా దొరుకుతుందని ఇద్దరికీ నమ్మకం ఉండాలి. దొరకదని ఇద్దరికీ తెలిసినప్పుడు ఆ మాట గొంతు దాటదు. దాటినా యజమాని బెదరడు. కులం అద్దెదారుని నుంచి మొదట లాక్కునేది ఈ బలాన్నే.

ఇల్లు ఎందుకు దొరకదో పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాల్లో 27.5 శాతం అద్దె ఇళ్లలో ఉన్నాయి. హైదరాబాదులో చిక్కడపల్లి, అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, విద్యానగర్, తార్నాక వంటి చోట్ల ఏ గల్లీలోకి వెళ్లినా గేటుకు టులెట్ బోర్డు కనబడుతుంది. కొన్నిటి కింద 'శాకాహారులకు మాత్రమే' అని ఉంటుంది. ఆ మాట అన్నం గురించి మాత్రమే కాదని బోర్డు పెట్టినవారికీ తెలుసు, చదివినవారికీ తెలుసు. బోర్డు మీద రాయనిది ఫోనులో అడుగుతారు. ఇంటిపేరు ఏమిటి, ఏ ఊరు, ఊళ్లో ఏ బజారు, నాన్నగారు ఏం చేస్తారు. ఇన్ని అడిగినా తేలకపోతే 'మీరు ఏమిటోళ్లు?' అని సూటిగానే అడుగుతారు. జవాబు నచ్చకపోతే 'ఇందాకే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి వెళ్లారండీ' అంటారు. మరునాడు బోర్డు అక్కడే ఉంటుంది. ముస్లింలకైతే పేరు చెప్పగానే సంభాషణ ముగుస్తుంది.

సుఖదేవ్ థోరాట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ రాజధాని ప్రాంతంలో అద్దె ఇళ్ల మీద చేసిన అధ్యయనం 2015లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో వచ్చింది. అగ్రకుల హిందువుల పేర్లతో, దళితుల పేర్లతో, ముస్లింల పేర్లతో ఫోనులోనూ ముఖాముఖిగానూ ఇళ్లు అడిగి చూసిన పరిశోధన అది. దళితులకూ ముస్లింలకూ ఇళ్లు నిరాకరిస్తున్నారన్న దాని నిర్ధారణను చాలామంది ఉటంకిస్తారు. ఇల్లు దొరికినవారు కూడా అన్యాయమైన షరతులకు ఒప్పుకోవలసి వస్తున్నదన్న రెండో నిర్ధారణను మాత్రం ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. నా దృష్టిలో అదే ఎక్కువ ముఖ్యమైనది. నిరాకరణకు గురైనవాడు ఆ గేటు నుంచి వెళ్లిపోతాడు. షరతులకు ఒప్పుకున్నవాడు ఏళ్ల తరబడి ఆ షరతుల కింద బతుకుతాడు.

ఆ షరతులు కాగితం మీద ఉండవు. నేను మాదిగ కుటుంబం నుంచి వచ్చినవాణ్ని. ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాదులో అద్దె ఇళ్లలోనే ఉంటున్నాను. ఉస్మానియా చుట్టుపక్కల కాలనీల్లోనే ఆరు ఇళ్లు మారాను. వాటిలో ఒక ఇంట్లో వంటగది స్లాబు కారేది. అదే భవనంలో పై అంతస్తులో ఉన్న మరో కుటుంబానికి కిటికీ రెక్క ఊడితే యజమాని మూడో రోజుకల్లా వడ్రంగిని పంపాడు. మా స్లాబు సంగతి నాలుగు నెలల్లో ఐదుసార్లు చెప్పాను. 'చూద్దాం లెండి సార్' అనేవాడు. ఒకసారి నవ్వుతూ, 'ఊళ్లో మీవాళ్ల ఇళ్లు ఇంతకన్నా గట్టిగా ఉంటాయా సార్' అన్నాడు. తిట్టలేదు, కులం పేరు ఎత్తలేదు, 'సార్' అనడం మానలేదు. వాడలో పుట్టినవాడికి కారే కప్పు ఫిర్యాదు చేయదగిన విషయమే కాదన్నది ఆయన ఆలోచన. పై అంతస్తు కుటుంబానికి వేగంగా పని జరగడానికి వేరే కారణాలు కూడా ఉండవచ్చు. కానీ ఆ వాక్యానికి వేరే కారణం వెతకడం కష్టం.

నా ఒక్కడి అనుభవాన్ని రుజువుగా చూపడం లేదు. ఏటా జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇంటి సమస్యల మీద ఉత్తరం రాయించుకోవడానికి నా దగ్గరకు వచ్చే విద్యార్థుల మాటల్లో మళ్లీ మళ్లీ కనబడే రెండు విషయాలు చెబుతాను.

మరమ్మతు అంటే యజమాని ఇంటిలోపలికి రావడం. ప్లంబరు వెంట ఆయన వస్తాడు, లేదా ఆవిడ వస్తుంది. వంటగదిలో నిలబడతారు. గోడ మీద ఎవరి పటం ఉందో చూస్తారు. అంబేద్కర్ పటమా, ఏసుక్రీస్తు పటమా, బుద్ధుని బొమ్మా అన్నది కళ్లబడుతుంది. పొయ్యి మీద ఏం ఉడుకుతున్నదో వాసన వస్తుంది. ఇల్లు దొరకడం కోసం కులం చెప్పకుండా దాటవేసినవారికి, వేరే కులం పేరు చెప్పినవారికి ఈ రాకపోక పైపు లీకేజీ కన్నా పెద్ద ప్రమాదం. అందుకే ఎందరో పటాన్ని తీసి బీరువాలో పెట్టి ప్లంబరును పిలుస్తారు. ఇంకొందరు అసలు పిలవరు. కారే చోట బకెట్ పెట్టుకుంటారు.

రెండోది రాతపూర్వక నోటీసు. గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్న ముగ్గురు అమ్మాయిలు ఒకసారి వచ్చారు. మిద్దె మీది రేకుల గదిలో ఉంటున్నారు. బాత్రూం గడియ విరిగి రెండు నెలలైంది. మిద్దె మీదకు అందరూ వచ్చిపోతుంటారు కనుక ఒకరు స్నానం చేస్తుంటే ఇద్దరు కాపలా ఉంటున్నారు. ఉత్తరం రాసి కింద వారి పూర్తి పేర్లు పెట్టాను. 'సార్, ఇంటిపేర్లు తీసేయండి' అన్నారు. యజమానురాలికి వాళ్లు చెప్పినవి పేర్లు మాత్రమే. ఉత్తరం మీద ఇంటిపేరు కనబడితే గడియ వస్తుందో రాదో తెలియదు గానీ, గది పోవడం ఖాయమని వారి భయం. చివరికి ఉత్తరం ఇవ్వలేదు. గడియ వాళ్లే కొని బిగించుకున్నారు.

ఇలా సొంత డబ్బుతో చేయించుకున్న గడియలు, ట్యాపులు, వైరింగ్, సున్నం, స్లాబు మీద పూసిన వాటర్‌ప్రూఫింగ్ అన్నీ కలిపితే అది అద్దె మీద అదనపు అద్దె. దాన్ని ఎవరూ లెక్కగట్టలేదు, రసీదులు ఉండవు. డబ్బు పెట్టలేనివారు మరో విధంగా కడతారు. చెమ్మ గదిలో చంటిపిల్లలకు దగ్గు, తడిగోడల్లో కరెంటు భయం, పరీక్షల ముందు రాత్రి పుస్తకాలను తడవకుండా మంచం మీదికి ఎత్తడం. పోటీ పరీక్షలో రిజర్వేషన్ సీటు గురించి మాట్లాడేవారు ఆ సీటు కోసం ఎలాంటి గదిలో చదివారో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇది ఈ కాలపు సంగతే కాదు. అంబేద్కర్ 1917లో విదేశాల నుంచి తిరిగివచ్చి బరోడా సంస్థాన కొలువుకు వెళ్లినప్పుడు ఏ హోటలూ గది ఇవ్వలేదు. పార్సీ పేరు పెట్టుకుని ఒక పార్సీ సత్రంలో దిగారు. దాని గురించి ఆయన తన స్వీయానుభవాల రచన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. పదకొండో రోజు కర్రలతో వచ్చిన గుంపు ఆయనను వెళ్లగొట్టిన సన్నివేశం అందరికీ తెలుసు. అంతకు ముందు పది రోజులు ఆయన ఎలాంటి చోట ఉన్నారన్నదాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. పై అంతస్తు హాలు నిండా విరిగిన కుర్చీలు, బల్లలు, చెక్కలు. విద్యుద్దీపం లేదు. సత్రం కాపలాదారు రాత్రిపూట తెచ్చిపెట్టే చిన్న లాంతరే వెలుతురు. రోజువారీ అద్దె కడుతున్న ఆ మనిషి ఇంకో దీపం కావాలని గట్టిగా అడిగే స్థితిలో లేరు. దొంగపేరుతో ఉన్నవాడికి సత్రంలో ఫిర్యాదు చేసే హక్కు ఉండదు. నూరేళ్ల తర్వాత ఉత్తరంలో ఇంటిపేరు తీసేయమన్న అమ్మాయిలదీ అదే స్థితి.

ఇప్పుడు చట్టం సంగతికి వస్తాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో అద్దెదారుకు ఒక హక్కు ఉంది. యజమాని చేయించవలసిన మరమ్మతులను నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. 'చేయించవలసిన' అన్న మాటలోనే మెలిక ఉంది. ఏది చేయించవలసిన బాధ్యతో ఒప్పందంలో రాసుకోవాలి. ఇంటిని తీసుకున్న స్థితిలోనే ఉంచి అప్పగించే బాధ్యత అద్దెదారుదని అదే సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన అద్దె పత్రాన్ని రిజిస్టరు చేయించాలి కనుక మన దగ్గర పదకొండు నెలల ఒప్పందాలే ఎక్కువ. స్టాంపు వెండరు దగ్గర దొరికే ఆ నమూనాలో అద్దెదారు చేయకూడనివన్నీ వరుసగా ఉంటాయి. యజమాని చేయించవలసినవి సాధారణంగా ఉండవు. నెలవారీ అద్దె అయితే పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చని 106వ సెక్షన్ చెబుతుంది. మరమ్మతుకు 'తగిన సమయం' అంటే ఎంతో చట్టం చెప్పలేదు, ఖాళీ చేయించడానికి మాత్రం రోజులు లెక్కపెట్టి చెప్పింది.

ఉమ్మడి రాష్ట్రం నుంచి తెలంగాణకు సంక్రమించిన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కొంత రక్షణ ఇచ్చేది. నీళ్లు, కరెంటు వంటి సౌకర్యాలను యజమాని అడ్డుకోరాదని అది చెబుతుంది. అయితే 2005 సవరణతో మునిసిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు, ఇతర చోట్ల 2,000 రూపాయలకు మించిన అద్దె ఇళ్లను ఆ చట్టం నుంచి మినహాయించారు. ఈ రోజు హైదరాబాదులో 3,500కు దొరికే కుటుంబ నివాసం ఏదో పాఠకులే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ 2017లో అద్దెల మీద కొత్త చట్టం చేసుకుంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది.

ఈ నమూనా చట్టంలో మరమ్మతుల విషయంలో మంచి అంశాలున్నాయి. ఎవరు ఏది చేయించాలో అనుబంధంలో పట్టిక ఇచ్చారు. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులు కిటికీలకు రంగు, పైపుల మార్పిడి, వైరింగ్ యజమాని బాధ్యత. ట్యాపులు, స్విచ్‌లు, గడియలు, తాళాల వంటివి అద్దెదారు బాధ్యత. యజమాని తన వంతు చేయకపోతే అద్దెదారు చేయించి, నెలకు సగం అద్దెకు మించకుండా మినహాయించుకోవచ్చు. ఇల్లు నివాసయోగ్యం కాని స్థితిలో ఉండి, రాతపూర్వకంగా అడిగినా యజమాని నిరాకరిస్తే పదిహేను రోజుల నోటీసు ఇచ్చి ఖాళీ చేయవచ్చు. నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ తీసుకోరాదు.

ఈ హక్కులను వాడుకోగలిగేది ఎవరో చూడండి. నోటీసు మీద పూర్తి పేరు రాయగలిగినవారు, యజమానిని లోపలికి రానివ్వగలిగినవారు, ఖాళీ చేస్తే మరో ఇల్లు దొరికేవారు. ఇల్లు బాగుచేయకపోతే వెళ్లిపోవచ్చునన్నది చట్టం ఇచ్చిన అంతిమ పరిహారం. వెళ్లడానికి చోటు లేనివారికి అది పరిహారమెలా అవుతుంది? కులం, మతం కారణంగా ఇల్లు నిరాకరించరాదని, అద్దె షరతుల్లో తేడా చూపరాదని ఆ నమూనా చట్టంలో ఒక్క నిబంధన లేదు. యజమానినీ అద్దెదారునూ కులం లేని ఇద్దరు మనుషులుగా ఊహించుకుని రాసిన చట్టమది.

రాజ్యాంగం ఇలా ఊహించుకోలేదు. 17వ అధికరణ అంటరానితనాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. 15వ అధికరణ రెండో క్లాజు దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల వంటి వాటిలో ప్రైవేటు వ్యక్తులు కూడా వివక్ష చూపరాదని చెప్పింది. ఆ జాబితాలో అద్దె ఇల్లు లేదన్నది నిజమే. కానీ 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో 'దుకాణం' అన్న మాట అర్థం గురించి ప్రశ్న వచ్చినప్పుడు, ప్రతిఫలానికి సేవలు అందించే ఎవరికైనా వర్తించే విశాలార్థంలో దాన్ని వాడామని అంబేద్కర్ వివరించారు. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ విశాలార్థాన్నే స్వీకరించింది. గేటుకు టులెట్ బోర్డు వేలాడదీసి, దారినపోయే అందరినీ రమ్మని పిలిచే యజమాని ప్రజలకు ఒక సేవను డబ్బుకు అందిస్తున్నట్టే కదా. ఈ వాదనను న్యాయస్థానాల ముందు గట్టిగా నిలబెట్టవలసిన అవసరం ఉంది. దీనికి ఎదురుగా 2005 నాటి జొరాస్ట్రియన్ సహకార గృహ నిర్మాణ సంఘం తీర్పు ఉంది. సభ్యత్వాన్ని ఒక మత సమూహానికే పరిమితం చేసుకునే నిబంధనను సుప్రీంకోర్టు ఆ తీర్పులో సమర్థించింది. అయితే తమలో తాము సంఘం కట్టుకున్నవారి సంగతి వేరు, బజారులో ఇల్లు అద్దెకు పెట్టినవారి సంగతి వేరు.

మామూలు చట్టాల్లోనూ ఆధారాలు లేకపోలేదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్, ఏ ప్రాంతంలోనైనా నివాసగృహంలో ఉండకుండా అంటరానితనం కారణంగా అడ్డుకోవడాన్ని నేరమన్నది. బాధితులు షెడ్యూల్డు కులాలవారైతే ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు మొదట భావించాలని, కాదని నిరూపించే భారం నిందితుడిదని పన్నెండో సెక్షన్ చెబుతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం నివాసం వదిలి వెళ్లేలా చేయడం నేరం, 2015 సవరణ తర్వాత సామాజిక, ఆర్థిక బహిష్కరణ కూడా నేరమే. కానీ ఇవి శిక్షాస్మృతులు. గడియ బిగించలేదని ఎవరు క్రిమినల్ కేసు పెడతారు? పెట్టినా నిలుస్తుందా? నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేని చోట జరిగిన దూషణ 'ప్రజల దృష్టిలో' జరిగినట్టు కాదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు అన్నది. అద్దె ఇంటి అవమానాలన్నీ నాలుగు గోడల మధ్యనే జరుగుతాయి. వాటిలో ఎక్కువ భాగం నవ్వుతూ, 'సార్' అంటూ జరుగుతాయి.

అమెరికా నల్లజాతివారి పోరాటం ఈ విషయంలో మనకన్నా ముందడుగు వేసింది. 1966 జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ షికాగోలోని నల్లజాతి పేదల వాడలో ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకున్నారు. అద్దెకు దిగబోయేది ఎవరో తెలియగానే యజమాని పనివాళ్లను పంపి దానికి హడావుడిగా మరమ్మతులు చేయించాడు. డబ్బు లేకనో పనివాళ్లు దొరకకనో అన్నాళ్లూ ఆ భవనాలు అలా పడి లేవని ఆ హడావుడే తేల్చింది. తర్వాతి నెలలో కింగ్, ఆయన సహచరులు అక్కడి మరో భవనంలో అద్దెలు తామే వసూలు చేసి ఆ డబ్బుతో మరమ్మతులకు పూనుకున్నారు. 1968 ఏప్రిల్‌లో, కింగ్ హత్య జరిగిన వారానికి, అమెరికా గృహ వివక్ష నిషేధ చట్టం వచ్చింది. అది ఇల్లు నిరాకరించడాన్నే కాక అద్దె షరతుల్లో, సేవల్లో తేడా చూపడాన్ని కూడా నిషేధించింది. జాతి కారణంగా మరమ్మతు చేయకపోవడం, ఆలస్యం చేయడం వివక్షేనని ఆ చట్టం కింద వచ్చిన ప్రభుత్వ నిబంధనలు విడిగా పేర్కొంటాయి. అక్కడ అద్దెకుంటున్న మన తెలుగు ఉద్యోగులందరికీ ఈ రక్షణ వర్తిస్తుంది. నల్లజాతివారు సాధించిన ఆ రక్షణ నీడలో ఉంటూ, ఇక్కడి సొంత ఇంటికి మాత్రం కులం చూసి అద్దెదారును వెతకమని తల్లిదండ్రులకు చెప్పేవారు ఈ విషయం ఒకసారి ఆలోచించాలి.

యజమానుల వైపు నుంచి రెండు అభ్యంతరాలు వినబడతాయి. ఒకటి, అద్దెదారులందరికీ మరమ్మతులు ఆలస్యమే, ఇందులో కులమేముందన్నది. ఆలస్యం అందరికీ ఉన్నమాట నిజం. కానీ రెండోసారి గట్టిగా అడగగలిగే స్థితి అందరికీ ఒకేలా లేదు. నా అభ్యంతరం ఆ తేడా మీద. రెండోది, అద్దెకిచ్చేవారంతా ధనవంతులు కారన్నది. ఇదీ నిజమే. రిటైరైన చిన్న ఉద్యోగి, అద్దె మీదే బతికే వితంతువు స్లాబు పని ఒక్కసారిగా చేయించలేకపోవచ్చు. అలాంటివారికి ఆస్తి పన్నులో మినహాయింపో, మరమ్మతులకు చిన్న రుణమో ఇవ్వడం ప్రభుత్వానికి అసాధ్యం కాదు. డబ్బు లేకపోవడం వేరు, ఈ అద్దెదారుకు ఇది చాలుననుకోవడం వేరు. మొదటిదానికి సాయం అందాలి. రెండోదానికి జవాబుదారీ ఉండాలి.

తెలంగాణ కొత్త అద్దె చట్టం చేసినప్పుడైనా, ఆంధ్రప్రదేశ్ తన చట్టాన్ని సవరించినప్పుడైనా కొన్ని విషయాలు అందులో చేరాలి. ఇల్లు ఇవ్వడంలోనూ, అద్దె, అడ్వాన్స్, మరమ్మతులు, నీటి వసతి వంటి షరతుల్లోనూ కులం, మతం ఆధారంగా తేడా చూపడాన్ని నిషేధించాలి. దీన్ని సివిల్ పరిహారంతో ముడిపెట్టాలి. అప్పుడు బాధితుడు జైలుశిక్షల కేసు పెట్టకుండానే గడియ బిగింపు, నష్టపరిహారం పొందగలుగుతాడు. మరమ్మతు అడిగిన ఆరు నెలల్లోపు ఖాళీ చేయించబోతే, అది ఫిర్యాదుకు ప్రతీకారమేనని అధికారి మొదట భావించాలి, కాదని చూపే బాధ్యత యజమానిది కావాలి. పౌరహక్కుల చట్టంలో ఇలాంటి సూత్రం 1955 నుంచే ఉంది కనుక ఇది వింత కోరిక కాదు. ఫిర్యాదును వార్డు కార్యాలయంలో ఇంటి నంబరు మీద నమోదు చేసుకోవాలి. తనిఖీకి వచ్చే అధికారి ఇంటి స్థితి చూడాలి, ఫిర్యాదుదారు పేరు యజమానికి చేరకూడదు. యజమాని బాధ్యతల పట్టిక లేని అద్దె ఒప్పందం చెల్లకూడదు.

చట్టం వచ్చేదాకా విద్యార్థి సంఘాలు చేయగల పని చాలా ఉంది. హాస్టల్ మెస్ మీద, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ధర్నాలు చేసిన అనుభవం వారికుంది. అయితే విశ్వవిద్యాలయ హాస్టళ్లలో చోటు దక్కనివారు, చదువు ముగిసి పరీక్షలకు సిద్ధమవుతున్నవారు చుట్టుపక్కల అద్దె గదుల్లోనే ఉన్నారు. ఆ గదులు సంఘాల పని పరిధిలోకి రావాలి. ఒక్కొక్కరు విడిగా ఇచ్చే ఉత్తరం మీద ఇంటిపేరు ప్రమాదమైతే, సంఘం లెటర్‌హెడ్ మీద ఇంటి నంబరుతో ఉత్తరం వెళ్లవచ్చు. గల్లీలో ఏ యజమాని మరమ్మతులు చేయిస్తాడో, ఎవరు కులం అడుగుతారో సీనియర్లు జూనియర్లకు నోటిమాటగా చెబుతూనే ఉన్నారు. దాన్ని క్రమపద్ధతిలో నమోదు చేస్తే రేపటి చట్టానికి కావలసిన సాక్ష్యం అవుతుంది. స్టాంపు వెండరు నమూనాకు బదులు యజమాని బాధ్యతలు రాసిన తెలుగు ఒప్పంద పత్రాన్ని అచ్చువేసి పంచడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

ఊరు వదిలి నగరానికి వెళ్లమని దళితులకు అంబేద్కర్ చెప్పినప్పుడు, నగరంలో కులం అడగని బతుకు ఉంటుందన్న ఆశ అందులో ఉంది. ఆ ఆశతో వచ్చిన మూడు తరాలు నగరంలో చదువుకున్నాయి, ఉద్యోగాలు చేశాయి, నెల నెలా తప్పకుండా అద్దె కట్టాయి. కట్టిన అద్దెకు తగిన ఇల్లు అడిగే ధైర్యం మాత్రం ఇంకా చేతికి రాలేదు. రాజ్యాంగ సభలో 'దుకాణం' అన్న మాటకు ఆయన చెప్పిన అర్థాన్ని టులెట్ బోర్డు దాకా తీసుకురావడం ఇప్పుడు మన వంతు పని. దానికి మొదటి మెట్టు, కారే కప్పును ఎవరి సొంత గొడవగానో వదిలేయకుండా కులం ప్రశ్నగా గుర్తించి అడగడం.